లెక్కకు రాని పది కిలోలు

కర్నూలు ఊరి బయట మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మాది కమలాపురం దగ్గర పల్లె. కడపలో ఎమ్మెస్సీ చదివాను. మా ఇంట్లో శనగ, పత్తి దిగుబడి తప్ప ఇంకో దిగుబడి ఎవరూ ఎరగరు.

"ఆడ నువ్వేం పని చేస్తావు మ్మా?" అని అడిగాడు మా నాయన.

"దిగుబడి లెక్కేస్తా."

"ఆ పని ఈడ నేను చేస్తాండా గదా" అని నవ్వాడు.

నిజంగా నా పని అదే. పొద్దున తొమ్మిదింటికల్లా ముందురోజు బ్యాచ్ షీట్లు నా బల్ల మీదికి వచ్చేవి. రియాక్టర్‌లోకి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అన్నది వాటిలో ఉండేది. అసలు ఎంత రావాలో నేను లెక్క కట్టి, వచ్చినదాన్ని రావలసినదానితో భాగించి నూరుతో గుణించాలి. అది ఈల్డ్. మేము చేసేది వెనిలిన్ నుంచి ఒక మందు తయారీకి పనికొచ్చే పొడి. రెండు వందల కిలోల వెనిలిన్ వేస్తే, అణువుకు అణువు సరిపోయిందనుకుంటే, రెండు వందల పద్దెనిమిది కిలోల పొడి రావాలి. అంత ఎప్పుడూ రాదు. కొంత నీళ్లలో పోతుంది, కొంత వడపోత గుడ్డకు అంటుకుంటుంది, కొంత మారకుండానే మిగిలిపోతుంది. మాకు నూట ఎనభై ఎనిమిది దాకా వచ్చేది. అంటే ఎనభై ఆరు శాతం. ఆ అంకె కనబడితే ఫ్యాక్టరీలో అందరూ హాయిగా టీ తాగేవాళ్లు.

వెనిలిన్ అంటే ఐస్‌క్రీముకు వాసన ఇచ్చేదే. మా బ్లాకులో పనిచేసేవాళ్ల బట్టలు, జుట్టు, అన్నం క్యారియర్లు అన్నీ అదే వాసన. దానితో కలిపే రెండో పదార్థం డైమిథైల్ సల్ఫేట్. అందరం డి.ఎం.ఎస్. అనేవాళ్లం. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. దాని గుణం ఏమిటంటే, పీల్చిన వెంటనే ఏమీ కాదు. మంట ఉండదు, దగ్గు రాదు. మనిషి మామూలుగా పని ముగించుకుని ఇంటికి పోతాడు. ఆరేడు గంటలు గడిచాక కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు లోపల కాలినట్టు అవుతాయి. వాసన చాలా తక్కువ అని, ఉన్నా కొంచెం ఉల్లిపాయలా ఉంటుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం నేను చదవలేదని చెప్పలేను.

మా బ్లాకులో ఆపరేటర్ ఒకాయనది కోసిగి. నలభై ఏళ్లుంటాయి. పదో తరగతి దాకా చదివాడు. అంతకుముందు ఏటా పంటలు అయిపోగానే భార్యను తీసుకుని బెంగళూరుకో, మిరపకాయలు కోయడానికి గుంటూరుకో పోయేవాడట. ఫ్యాక్టరీలో పని దొరికాక కర్నూలులోనే ఒక గది తీసుకుని, వలస మానేశాడు. నేను ఆయనను అన్నా అనేదాన్ని. నాకంటే పదహారేళ్లు పెద్దవాడైనా ఆయన నన్ను మేడం అనే పిలిచేవాడు.

ఆయన పాడేవాడు. సెలవు దొరికిన గురువారం మంత్రాలయం వెళ్లి భజనలో ముందు కూర్చునేవాడు. కన్నడ పదాలు, తెలుగు తత్వాలు ఏవి పడితే అవి వచ్చేవి. ఫ్యాక్టరీలో రియాక్టర్ పైన, గాజు గొట్టం బిగించిన ట్యాంకు నుంచి డి.ఎం.ఎస్. చుక్కలు చుక్కలుగా రియాక్టర్‌లోకి వదలడానికి నాలుగు గంటలు పట్టేది. ఆ నాలుగు గంటలూ వాల్వు దగ్గర నిలబడాలి. మాస్కు లోపలినుంచే సన్నగా పాడుకుంటూ ఉండేవాడు. పంపుల మోతలో మాటలు తెలిసేవి కావు, రాగం మాత్రం మెట్ల దాకా వినబడేది. నేను పైకి వస్తున్నట్టు తెలిస్తే ఆపేసేవాడు.

"పాడన్నా, ఎందుకు ఆపినావు?" అంటే, "మీరు లెక్కలు చేసేటోళ్లు మేడం, మీకు అడ్డం" అనేవాడు.

నేను చేరిన రెండో ఏడు, ఉల్లి పంట చేతికొచ్చే రోజుల్లో ఈల్డ్ పడిపోవడం మొదలైంది. ఎనభై ఆరు కాస్తా ఎనభై మూడైంది. తర్వాత ఎనభై ఒకటి. ఆ తర్వాత వరసగా మూడు బ్యాచ్‌లు ఎనభై. ప్రొడక్షన్ మేనేజరు నంద్యాల వ్యాపారుల ఇంటి మనిషి, మాట మెత్తన. రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

"ఏమ్మా, ఆరు శాతం యాడికి పోయింది?"

నేను వెతికాను. కడిగిన నీళ్లు పరీక్షించాను. మారని వెనిలిన్ అందులో కనబడింది. అంటే డి.ఎం.ఎస్. చాలటం లేదు. సరుకు మంచిది కాదేమోనని డ్రమ్ములోంచి నమూనా తీసి చూశాను. శుభ్రంగా ఉంది. తూకం చూశాను. సరిగానే ఉంది. అప్పుడు కూర్చుని వెనక్కి లెక్క కట్టాను. మిగిలిపోయిన వెనిలిన్ పన్నెండు కిలోలు. దానికి సరిపడా డి.ఎం.ఎస్. పది కిలోలు. డ్రమ్ములోంచి బయల్దేరిన పది కిలోలు ప్రతి బ్యాచ్‌లోనూ రియాక్టర్‌కు చేరటం లేదు.

నా దగ్గర ఒక నీలం అట్ట నోటుబుక్కు ఉండేది. చిత్తు లెక్కలు అందులో వేసుకునేదాన్ని. ఆ రోజు అందులో "డి.ఎం.ఎస్. 10 కిలోలు, ఎక్కడ?" అని రాసి పెద్ద ప్రశ్న గుర్తు పెట్టాను. దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాను.

మేనేజరుకు చెప్పాను.

"వచ్చే బ్యాచ్‌కు పన్నెండు కిలోలు ఎక్కువ వేసి చూడు."

"సార్, అది ఎక్కడో పోతోంది. దాన్ని కదా చూడాల."

"చూద్దాం. నెలాఖరు కానీ. ట్యాంకు విప్పితే మూడు రోజులు బ్లాకు ఆగిపోతుంది."

పన్నెండు కిలోలు ఎక్కువ వేశాం. ఈల్డ్ ఎనభై ఆరుకు వచ్చింది. నా లెక్క సరిగ్గా కుదిరిందన్న సంతోషం నాకు నిజంగానే కలిగింది. ఈల్డ్ ఎప్పుడూ తక్కువగా ఉన్న పదార్థం మీదే కడతాం. ఎక్కువ వేసిన పదార్థం ఏమైందని ఆ లెక్క అడగదు. షీటులో తేడాకు కారణం రాయవలసిన గడిలో "హ్యాండ్లింగ్ లాస్", అంటే ఎత్తి పోసేటప్పుడు పోయినది, అని రాశాను. మీటింగులో అందరి ముందూ మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు.

ఆ వారంలోనే ఆపరేటర్ అన్న నా గదికి వచ్చాడు. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి.

"మేడం, పైన ట్యాంకు కాడ ఉల్లిగడ్డ వాసన వస్తాండాది. రెండు దినాల నుంచి కండ్లు గరగర అంటాండాయి."

కిటికీలోంచి రోడ్డు కనబడుతూ ఉంది. కర్నూలు మార్కెట్టుకు పోయే ఉల్లి లారీలు బారులు కట్టి ఉన్నాయి. ఆ రోజుల్లో హాస్టల్లో నా దుప్పటి కూడా అదే వాసన.

"ఊరంతా అదే వాసన గదన్నా. మా కడప దిక్కు ఎర్రగడ్డ అంటాం. కోసిగోడివి, నీకు ఉల్లిగడ్డ వాసన కొత్తా?" అని నవ్వాను.

ఆయనా నవ్వాడు. "అవున్లే మేడం" అని వెళ్లిపోయాడు.

ఇది నేను ఎవరికీ చెప్పని మాట. ఆ నవ్వుతున్నప్పుడు, పుస్తకంలోని వాక్యం నా తలలో ఒక్క క్షణం మెదిలింది. నేను దాన్ని పక్కకు నెట్టాను.

తర్వాతి సోమవారం ఆయన పగటి షిఫ్టులో పనిచేశాడు. మధ్యాహ్నం పైన ట్యాంకు దగ్గర చాలాసేపు ఉన్నాడని, స్పానరుతో గాజు గొట్టం దగ్గర బోల్టులు బిగించాడని, ఆ సమయంలో మాస్కు మెడకు వేలాడుతూ ఉందని కింద ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. సాయంత్రం నాతోపాటే గేటు దాటాడు. "పోయొస్తా మేడం" అన్నాడు. నేను ఆ గొంతు విన్న చివరిసారి అదే.

ఇంటికి వెళ్లి అన్నం తిన్నాక కళ్లు వాచిపోయాయట. మాట రాలేదట. ఊపిరి అందక ఈల వేసినట్టు చప్పుడు వస్తుంటే భార్య ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. పద్దెనిమిది రోజులు ఉన్నాడు. గొంతులో గొట్టం పెట్టారు. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అద్దంలోంచి చూసి వచ్చేశాను. రెండోసారి ఆయన కళ్లకు తడిగుడ్డ కట్టి ఉంది. నేను వచ్చానని భార్య చెవిలో చెప్పింది. ఆయన చెయ్యి కొంచెం పైకి లేపాడు.

బతికాడు. గొంతు మాత్రం పోయింది. గాలి మాత్రమే వచ్చేది, శబ్దం వచ్చేది కాదు.

విచారణకు ఫ్యాక్టరీల తనిఖీ శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. అంతకు ముందురోజు మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. ఈసారి నిలబడలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఆ నీలం పుస్తకం నీ సొంతం గదా. రికార్డు కాదు. ఇంటికి తీసుకుపో."

తీసుకుపోయాను. మర్నాడు అధికారి షీట్లు తిరగేస్తూ, "ఈ నెలలో ఈల్డ్‌లో ఏమన్నా తేడా వచ్చిందా?" అని అడిగాడు.

"లేదు సార్. ఎనభై ఆరే."

అబద్ధం కాదు. ఆ నెల బ్యాచ్‌లన్నీ ఎనభై ఆరే. ఆయన అది రాసుకుని ముందుకు వెళ్లిపోయాడు. మాస్కు తీసేశాడు కాబట్టి కార్మికుడి నిర్లక్ష్యం అని నివేదిక వచ్చింది. ఆపరేటర్ అన్నను మళ్లీ పనిలోకి తీసుకోలేదు.

నాలుగు నెలలు ఆగి నేనూ మానేశాను. కడపలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పిల్లలతో ఆస్పిరిన్ చేయించి, ఈల్డ్ లెక్క కట్టించడం నా పనుల్లో ఒకటి. ఫ్యాక్టరీ వదిలాను కదా, ఇంక ఆ లెక్క నన్ను వదులుతుందనుకున్నాను. వదల్లేదు. పిల్లలు అరవై శాతం అనీ యాభై ఎనిమిది అనీ రికార్డు తెచ్చి చూపిస్తే నా నోట ఒకటే మాట వచ్చేది.

"మిగతాది యాడ పోయింది?"

"బీకరుకు అంటుకుంది మేడం."

"ఎంత అంటుకుంది? తూకం వేసినావా?"

పిల్లలు బెదిరిపోయేవాళ్లు. తోటి లెక్చరర్లు నవ్వేవాళ్లు. ల్యాబులో పొగ లాగే పెద్ద ఫ్యాను ఒకటి ఉండేది. అది వేయగానే ఆ మోత వెనకాల సన్నగా ఒక రాగం వినబడేది. ఫ్యాను ఆపితే ఆగిపోయేది. మళ్లీ వేస్తే మళ్లీ వచ్చేది. ఒకసారి క్లాసు మధ్యలో అలా నాలుగైదుసార్లు వేసి ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే ముప్పై మంది పిల్లలు నావైపే చూస్తున్నారు. "స్విచ్ సరిగా లేదు" అన్నాను.

ఇంట్లో పొద్దున వంటకు ఎర్రగడ్డ తరిగితే చెయ్యి కడుక్కుని కళ్లు అద్దంలో చూసుకునేదాన్ని. తర్వాత ఏడు గంటలు లెక్కపెట్టేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి నా గొంతు సరిగానే ఉందా అని ఖాళీ క్లాసులో ఒక మాట పైకి అని చూసుకునేదాన్ని. ఒక ఆదివారం ఇంట్లోనే అలా అంటుంటే మా అమ్మ విని, "ఎవరితో మాట్లాడతాండావు?" అంది.

మూడేళ్లు అలా గడిచాక ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒకామె ఫోనులో చెప్పింది, ఆపరేటర్ అన్న మంత్రాలయంలో ఉన్నాడని, నది దారిలో భార్య తులసిమాలల అంగడి పెట్టుకుందని. ఒక ఆదివారం నీలం నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

అంగడి అంటే రెండు కర్రలకు కట్టిన పట్ట, కింద బల్ల. భార్య మాలలు కడుతోంది. ఆయన వెనక స్టూలు మీద, ఎండకు నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు. పెదవులు కదిలాయి. తుంగభద్ర దిక్కు నుంచి వచ్చే జనం గోలలో నాకు ఏమీ వినబడలేదు.

"కూర్చోండి మేడం అంటాండాడు" అంది భార్య, నావైపు చూడకుండా. ఆయన ఏమన్నా ఆమె పెదవులు చూసి పైకి చెప్పేది. మూడేళ్లుగా ఆమెకు అలవాటైపోయింది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. "అన్నా, లీకు ఉందని నాకు ముందే తెలుసు. లెక్కలో వచ్చింది. పది కిలోలు పోతున్నాయని రాసుకున్నాను కూడా. నువ్వు వాసన అని చెప్తే నవ్వినాను. అధికారి అడిగితే చెప్పలేదు." నోటుబుక్కు తీసి ఆ పేజీ తెరిచాను.

భార్య చేతిలో మాల ఆగిపోయింది. ఆయన మాత్రం పేజీ చూసి తల ఊపాడు. చాలాసేపు ఏదో చెప్పాడు. నాకు చెప్పమని ఆమె భుజం తట్టాడు.

"ఇది ఆయన చూసినాడంట" అంది ఆమె. "మీరు ఒకనాడు ఈ పుస్తకం రియాక్టర్ కాడ బల్ల మీద మర్చిపోయినారంట. తీసి మీ గదిలో పెడదామని పోతూ చూసినాడంట. మేడం పది కిలోలు యాడ అని ప్రశ్న పెట్టుకోనుండాది, శానా దినాల నుంచి దిగులుగా ఉండాది, నేను కనుక్కుందాం అని ట్యాంకు ఎక్కినాడంట. మాస్కు పెట్టుకుంటే వాసన తెలియదు గదా, యాడ నుంచి వస్తాండాదో తెలియల్ల గదా, అందుకే తీసినాడంట."

నేను ఆయనవైపు చూశాను. ఆయన వేలితో గాలిలో గుండ్రంగా గీసి, ఒక చోట పొడిచి చూపించాడు. గాజు గొట్టం కింద అంచు. వాషరు పాడైన చోటు.

"దొరికిందంట" అంది ఆమె. "బిగించినాడంట. మర్నాడు మీకు చెబుదామనుకున్యాడంట."

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. మాలలు కొనడానికి ఎవరో వచ్చారు, ఆమె బేరం చేసి పంపింది. ఆయన స్టూలు మీద నుంచి వంగి నీళ్ల సీసా ఇచ్చాడు. తాగాను.

"ఇప్పుడైనా రాస్తానన్నా. ఈ పుస్తకం పంపిస్తాను. నా ఉద్యోగం ఏమైనా కానీ."

ఆయన పెదవులు కదిలాయి. ఈసారి నేను దగ్గరికి జరిగి చెవి పెట్టాను. గాలిలో మాటలు వినబడ్డాయి. "రాయండి మేడం. ఆ ట్యాంకు కాడ ఇప్పుడు ఇంకొకడు నిలబడుంటాడు."

బస్టాండు దాకా భార్య నాతో వచ్చింది, ఆయన పంపించాడు కాబట్టి. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి అంది, "ఆయన మంచోడు మేడం. శానా మంచోడు. నన్ను మాత్రం అట్లా అనుకోవద్దండి."

ఆ వారమే ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు రాశాను. పేజీల నకళ్లు, నేను షీటులో ఏం రాశానో, ఎందుకు రాశానో, అధికారికి ఏం చెప్పానో అన్నీ పెట్టి సంతకం చేశాను. రెండు నెలలకు ఒక కొత్త అధికారి కడపకు వచ్చి, మా ల్యాబు పక్క గదిలో మూడు గంటలు నా మాటలు రాసుకుంది. ఆమె చిన్న వయసుది. చివర్లో, "ఆ రోజు ఈ మాట చెప్పుంటే బాగుండేది" అంది. "అవును" అన్నాను. ప్రిన్సిపాల్ పిలిచి అడిగాడు, చెప్పాను. ఉద్యోగం పోలేదు. కొన్నాళ్లు స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది.

ఫ్యాక్టరీలో తనిఖీ జరిగింది. పాత ట్యాంకు, గాజు గొట్టం తీసేయించి, మనిషి దగ్గర నిలబడనక్కర్లేని మూసిన పైపులు పెట్టించారని అధికారి ఫోను చేసి చెప్పింది. ఆపరేటర్ అన్న ఫైలు గురించి అడిగాను. నివేదికలో "నిర్లక్ష్యం" అన్న మాట తీసేయమని తాను రాశానని, పైన ఇంకా తేల్చలేదని అంది. ఇప్పటికీ తేల్చలేదు. ఆరు నెలలకొకసారి నేను ఉత్తరం రాస్తూనే ఉన్నాను.

ట్యాంకు తీసేసిన సంగతి చెప్పడానికి మంత్రాలయానికి ఫోను చేశాను. అవతల గాలి చప్పుడు వినబడింది, చాలాసేపు. ఆయన చెప్పేది ఫోనులో తెలిసే అవకాశమే లేదు. తర్వాత భార్య అందుకుంది.

"శానా సంతోషం అంటాండాడు మేడం" అంది. "ఆయన మాట చెప్పినా. నా మాట కాదు."

"సరేనమ్మా" అన్నాను.

ఆమె ఫోను వెంటనే పెట్టేయలేదు. వెనకాల ఎవరో తులసిమాల ఎంత అని అడుగుతున్నారు. ఆమె వాళ్లకు జవాబు చెప్పి, మళ్లీ నాతో, "వచ్చే నెల ఆయన్ను గొంతు డాక్టరు కాడికి కర్నూలుకు పిల్చకపోవల్ల. ఆ ఇంగ్లీషు కాగితాలు మాకు చదవను రాదు" అంది.

ఏ రోజో అడిగి రాసుకున్నాను. ఆ రోజుకు కాలేజీలో సెలవు పెట్టాను.